గోరింటాకు చేతులతో హాజరు

ముందే చెబుతున్నాను, షామా గురించి మా ఊళ్ళో చెప్పుకునేవాటిలో సగం అబద్ధాలు. పెళ్ళికూతురు పరుగెత్తుకుంటూ ఫ్యాక్టరీకి పోయిందంటారు. ఎక్కడి పరుగు? ఆ పిల్ల కాలు కింద పెట్టనే లేదు. బండిని తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, నాకు తెలియదా!

మా మొరాకోకు స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళయింది అప్పటికి. నా చిన్నప్పుడు మా ఊరు అస్ఫీ సముద్రపొడ్డున చేపల ఫ్యాక్టరీల పొగగొట్టాలను చేతివేళ్ళ మీద లెక్కపెట్టేదాన్ని. ఆ ఏటికి నా చేతివేళ్ళు, కాలివేళ్ళు, పక్కింటామె వేళ్ళు అన్నీ కలిపినా చాలేవి కావు. డబ్బాల మీద సార్డిన్ అని రాసేవారు, మాకవి కవళ్ళు. మొరాకో నుంచి ఏ దేశానికి డబ్బా వెళ్ళినా అందులో మా వాడ ఆడవాళ్ళ చెయ్యి పడిందన్నమాటే. పల్లెల్లో వాన పడకపోతే జనం మా ఊరొచ్చేవారు. వాన పడినా మా ఊరే వచ్చేవారు. పందిరి వేసి నాలుగు రేకులు కప్పితే సాయంత్రానికి అద్దెకు మనిషి దొరికేవాడు. పిల్లులు సైతం కొవ్వెక్కి, ఎలుక ఎదురుపడితే దారి ఇచ్చేవి. కొత్తగా వచ్చినవాళ్ళు కంపు అంటూ ముక్కు మూసుకునేవారు. నెల తిరిగేసరికి ఆ వాసన లేకపోతే వాళ్ళకు అన్నం సయించేది కాదు.

ప్రతి ఫ్యాక్టరీకీ తనదైన కూత ఉండేది. పడవలు నిండుగా వచ్చాయంటే కూత వేసేవారు. మాది నీలం గేటు ఫ్యాక్టరీ. దాని కూత ముసలాయనలా రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చేది. అది వినబడితే పొయ్యి మీద ఏముందో, ఒళ్ళో ఎవరున్నారో చూసుకునేది లేదు, లేచి పోవడమే. చేప మన కోసం ఆగదు కదా.

షామా పదహారో ఏట, కరువు సంవత్సరంలో, తల్లితో కలిసి అబ్దా పల్లెల నుంచి వచ్చింది. మొదటిరోజు పొద్దున దానికి కత్తి పట్టుకోవడం రాదు. సాయంత్రానికి తల తుంచి, పేగు లాగి, తల వైపు ఒకటి తోక వైపు ఒకటిగా డబ్బాలో సర్దడంలో నన్ను దాటేసింది. అప్పటికి నాకు ఏడేళ్ళ అనుభవం. ఒళ్ళు మండింది, దాచుకోవడమెందుకు? రెండేళ్ళకు తల్లి పోయింది. మా ముంగిట్లో ఒక గదిలో ఉండేది షామా. దానికి తనదంటూ లోకంలో ఉన్నది ఒకటే, మూడో బల్ల దగ్గర కిటికీ పక్క చోటు. జ్వరమొచ్చినా ఆ చోటును ఇంకొకరికి ఇచ్చేది కాదు.

ఇద్దరు మగవాళ్ళు పెళ్ళికి అడిగారు. పని మానేస్తేనే పెళ్ళి అన్నారు. "అయితే పెళ్ళే మానేద్దాం," అంది. మూడోవాడు కబ్బూర్, వల లాగే మనిషి. "నేను పట్టిందాన్ని నువ్వు డబ్బాలో పెడితే తప్పేముందే?" అన్నాడు. దాంతో పడిపోయింది మా పిల్ల.

అడ్డు వచ్చింది వాడి తల్లి యమ్నా. భర్తను సముద్రం తీసుకుంది, ఒక్క కొడుకు. ఆమె ఇల్లు అద్దంలా ఉండేది. "చేపకంపు కోడలు నా గడప తొక్కదు," అని శపథం. కొడుకు అన్నం మానేసి కూర్చుంటే ఒప్పుకుంది. పైకి మాత్రమే సుమండీ. ఆ ఏడు మా ఫ్యాక్టరీలో కొత్త రూలు పెట్టారు. మూడు కూతలకు రాకపోతే ఆ మనిషి చోటు పోయినట్టే. ఆ సంగతి యమ్నా చెవిన పడింది. ఇంకేం! పాము చావాలి, కర్ర విరగకూడదు. పెళ్ళి ఒప్పందం రాయించడానికి ఒకరోజు పెట్టింది, సరిగ్గా ఆరోజే కూత. పెళ్ళికూతురి స్నానాలకు ఇంకోరోజు పెట్టింది, ఆరోజూ కూతే. సముద్రంలో చేప ఎప్పుడు నిండుతుందో జాలరి పెళ్ళానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. షామాకు రెండు కూతలు పోయాయి. మూడోది గోరింటాకు రోజున పడింది.

ఆరోజు మధ్యాహ్నం కానుకల బండి మీద చక్కెర దిమ్మలు, గోరింటాకు, గొర్రె, వాటి పక్కన యమ్నా మా ముంగిట్లోకి వచ్చారు. షామా చేతులకూ కాళ్ళకూ దట్టంగా గోరింటాకు పెట్టి గుడ్డలు చుట్టారు. పండేదాకా పెళ్ళికూతురు కాలు నేల మీద పెట్టకూడదు. కొడుకు మాత్రం ఊళ్ళో లేడు, తెల్లారే వేటకెళ్ళాడు. పెళ్ళిపాటల బతూల్ డప్పు కొట్టి పాట ఎత్తుకుంది. అప్పుడు, రెండు దగ్గులు, గుక్కపట్టిన ఏడుపు.

పాట ఆగింది. ముస్తాబు చేసే ఆమె దువ్వెన పడేసింది. వంటామె గరిట పడేసింది. వీళ్ళంతా ఎవరనుకున్నారు? అందరూ నీలం గేటు వాళ్ళే! అందరికంటే ముందు లేవబోయింది పెళ్ళికూతురు.

"కూర్చోవే!" అని అరిచింది యమ్నా. "కాలు కింద పెట్టావంటే చూడు!"

"అత్తా, ఇది మూడో కూత. నా చోటు పోతుంది."

"పోనీ. నా ఇంట్లో బోలెడు చోటుంది." ఆ ముసల్దాని మొహంలో సంతోషం చూడాలి మీరు!

షామా ఏడవలేదు. నా వైపు తిరిగి, "హనియక్కా, కాలు కింద పెట్టకూడదు, అంతేగా? బండి ఉందిగా!" అంది.

అమ్మమ్మమ్మా, ఇక చూడండి! నలుగురం కలిసి దాన్ని ఎత్తి, గొర్రెను దించి, యమ్నా అద్దెకు తెచ్చిన బండి మీదే కూర్చోబెట్టాం. గాడిద మొండికేస్తే వెనక నుంచి తోశాం. బతూల్ బండెక్కి డప్పు అందుకుంది. వీధిలోవాళ్ళు పెళ్ళి ఊరేగింపనుకుని నాలుకలు ఆడిస్తూ శుభాల కేకలు పెట్టారు, ఖర్జూరాలు విసిరారు. ఒకాయన నా చేతిలో చక్కెర దిమ్మ పెట్టి దీవించాడు, ఎవరి పెళ్ళో కూడా అడగలేదు. వెనకాల యమ్నా, "నా బండి! నా బండి!" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు. నవ్వలేక నా పక్కటెముకలు పట్టేశాయి.

గేటు దగ్గర ఇజ్జా ఉంది, మా మేస్త్రమ్మ. ఆమె మొహం ఎప్పుడూ ఉప్పునీళ్ళలో నానినట్టుండేది. బండిని ఆసాంతం చూసింది.

"నేను వచ్చాను. హాజరు వెయ్యి," అంది షామా.

"మనిషొస్తే హాజరు కాదు. చేతులు ఆడితే హాజరు," అంది ఇజ్జా.

మూడో బల్ల దాకా బండిని తోసుకుపోయాం. ఏ బల్ల చూసినా కవళ్ళు కొండలా పోసి ఉన్నాయి, ఎవరి కొండ వాళ్ళకే, పక్కవాళ్ళకు సాయం చేసే తీరిక ఎవరికీ లేదు. షామా చోటు ముందు కూడా ఒక కొండ. పిల్ల దాన్ని చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత పళ్ళతో చేతి గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టింది.

నా నవ్వు ఆగిపోయింది. గోరింటాకు పండకముందే ఉప్పునీళ్ళలో కడిగితే పెళ్ళికొడుకును సముద్రం అడుగుతుందని మా వాడలో నమ్మకం. షామా నమ్మేది కాదు. కానీ ఆయాసపడుతూ లోపలికొచ్చిన యమ్నా నమ్మేది. ఒక మనిషిని ఇచ్చుకున్న ఇల్లాలు, నమ్మక ఏం చేస్తుంది?

"ఆగు!" ఆ కేకకు బల్లలన్నీ ఉలిక్కిపడ్డాయి. "నా కొడుకు గోరింటాకే అది! ఆ నీళ్ళలో చెయ్యి పెట్టావంటే చంపేస్తాను!"

"మరి నా చోటో అత్తా?"

యమ్నా షామాను చూసింది, చేపల కొండను చూసింది, ఇజ్జాను చూసింది. మమ్మల్నందరినీ పేరుపేరునా తిట్టింది. నాకైతే రెండు తిట్లు ఎక్కువే పడ్డాయి. తర్వాత పట్టు అంగీ అంచు నడుముకు దోపి, షామా చోట్లో నిలబడి, కత్తి అందుకుంది.

నలభై ఏళ్ళు ఇంట్లో చేప కోసిన చెయ్యండీ అది! మొదటి పది చేపలకు ముక్కు చిట్లించింది. ఇరవయ్యోదానికి చిట్లించడం మరిచిపోయింది. కోయడం వచ్చుగానీ డబ్బాలో సర్దడం రాదు. బండి మీద నుంచి షామా, "తోక ఇటు తిప్పు అత్తా! కాదు కాదు, ఇటు!" అని గుడ్డ చుట్టిన చేతులు ఊపుతూ చెబుతుంటే, "తెలుసులేవే, నువ్వు నాకు నేర్పేదానివా!" అని కసురుతూనే తోక ఇటు తిప్పేది. బతూల్ పాట ఎత్తుకుంది. యమ్నా కత్తి పాట వరసలో పడింది. నా కంటే వేగం. మళ్ళీ నా ఒళ్ళు మండింది.

"అత్తా, కంపు కొడుతున్నావే!" అన్నాను.

"నోర్మూసుకుని డబ్బా అందించవే!" అంది. అన్నాక నవ్వింది. చెంప మీద పొలుసు మెరుస్తుండగా, కడుపు పట్టుకుని, పెద్దగా. ఆమె నవ్వు వినడం మా వాడలో ఎవరికైనా అదే మొదటిసారి. "ఇంతకాలం మీరంతా ఇక్కడ ఇంత గోల చేస్తున్నారా?" అంది. "నేనొక్కదాన్నీ ఇంట్లో కూర్చుని, గడప దగ్గర పడవ కోసం చూస్తూ..." మాట పూర్తి చేయకుండా ఇంకో చేప తీసుకుంది.

అప్పుడే కబ్బూర్ నెత్తిన గంపతో లోపలికొచ్చాడు. బండి మీద పెళ్ళాం కాబోయేది, బల్ల దగ్గర కన్నతల్లి. వాడి నోరు తెరుచుకుపోయింది.

"అమ్మా! నువ్వా?"

"ఎంతసేపురా గంప తేవడానికి? చేతులు ఖాళీగా ఉన్నాయి, దించు!"

కొండ కరిగేసరికి చీకటి పడబోతోంది. షామా గుడ్డలు విప్పి చూస్తే గోరింటాకు నల్లగా పండింది. ఇజ్జా హాజరు పుస్తకం తీసుకుని మూడో బల్ల దగ్గర ఆగింది. మేమంతా కత్తులు దించాం.

"ఈ చోట్లో చేతులు ఆడాయి. కానీ అవి ఈ ముసలామెవి," అంది. "ఎవరి పేరు రాయను?"

యమ్నా తన చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. ఇక అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను నేను.

"ఈ చోటు నా కోడలిది, దాని పేరే రాయి," అంది యమ్నా. "నాకు ఇంకోటి చూడు."