ఫీనిక్స్‌లో పాలపిట్ట

ఆ రోజుల్లో నాకు మనుషులకంటే పిట్టలతోనే పరిచయాలెక్కువ. ఎమ్మెస్ చదవడానికి ఫీనిక్స్ వచ్చిన కొత్త. క్లాసులో ప్రొఫెసర్ పేరు పిలిస్తే చెయ్యెత్తడానికే చెమటలు పట్టేవి. ఆ ఎడారి ఊళ్లో ఏళ్ల తరబడి ఎండి, చెత్తకుప్పగా మారిన నదిని ఎవరో పూనుకుని శుభ్రం చేసి, నీళ్లు వదిలి, చెట్లు నాటారు. శనివారం పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని అక్కడికి పోయేదాన్ని (పిట్టలు 'ఇంటర్న్‌షిప్ దొరికిందా' అని అడగవు). ఇంటికొచ్చి, ఏమేం చూశానో మా రూమ్మేట్ అక్కకి గంటసేపు చెప్పేదాన్ని. ఈ దేశంలో నేను నోరు విప్పేది ఆవిడ ఒక్కదాని దగ్గరే.

అక్కది జనగామ. చదువైపోయింది, ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండనిచ్చే రోజులు అయిపోవస్తున్నాయి. ఆఖరి ఇంటర్వ్యూ ఇచ్చి జవాబు కోసం ఎదురుచూస్తుండగా దసరా వచ్చింది. "లేవే పిల్లా! దసరానాడు పాలపిట్టను చూస్తే పనైతది. నీ నది కాడ అన్ని పిట్టలుంటయంటివి గదా, చూపియ్యి" అంది. పాలపిట్ట ఈ ఖండంలోనే లేదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

ఒడ్డున గంట నిలబడ్డాం. అన్నీ కొంగలూ బాతులే. అక్క మొహం వాడిపోతోంది. అంతలో ఎండుకొమ్మ మీద ఒక పిట్ట వాలింది. నీలం రెక్కలు, రొమ్ము మీద ఇటుకరంగు పట్టీ. లకుముకి పిట్ట! "అదే అక్కా!" అని అరిచాను. అంత గట్టిగా నేను పుట్టాక అరవలేదు. అక్క చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెట్టింది. పక్కన కెమెరాతో ఉన్న అమెరికన్ తాతగారు ఏమనుకున్నారో, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నారు. నేనూ మొక్కాను: అక్కకి ఉద్యోగం రావాలి, అదీ ఈ ఊళ్లోనే రావాలి. అక్క కళ్లు తెరిచేసరికి మా పాలపిట్ట బుడుంగున నీళ్లలో దూకి, చేపని పట్టుకుని లేచింది. అక్క చెప్పులు తొడుక్కుని "ఇగ పోదాం పా" అంది.

వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది, దేశానికి ఆ చివరనున్న ఆష్‌బర్న్‌లో. (దొంగ పాలపిట్ట కదా, సగం మొక్కే తీర్చింది.)

వెళ్లిన నెలకి ఫోన్లో అడిగింది, "ఏమే, పాలపిట్ట ఎప్పటిసంది చేపలు తింటున్నది?"

"నీకు తెలుసా అక్కా? మరి దండం పెట్టావుగా!"

"చిన్నప్పటిసంది చూస్తున్న, నాకు తెల్వదా? దండం దానికి కాదే, నీ అబద్ధానికి పెట్టిన. నోట్లె నాలుక లేని పిల్లవు, నా కోసం ఊరంత వినపడేటట్టు అరిస్తివి." అని నవ్వి, "ఈడ మనసున పడ్తలేదే. నువ్వెట్లున్నవ్?" అంది.

చూసిన పిట్టల గురించి వంటింటి గోడకి చెప్పుకుంటున్నానక్కా అని నోటిదాకా వచ్చింది. "ఊఁ, బాగానే ఉన్నా" అన్నాను. అంత పెద్ద అబద్ధం గొంతెత్తి ఆడిన పిల్ల, ఇంత చిన్న నిజం చెప్పలేకపోయిందే అని ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వడానికి నాకేం అర్హత ఉందిలెండి. నిన్న అక్క ఫోన్ చేసి మళ్లీ అదే అడిగితే, మళ్లీ అదే చెప్పాను.