ఎర్ర గీత పడ్డ పేరు

మొన్న పొద్దున మా గల్లీ లీడరు ఓటర్ల జాబితా పట్టుకొని వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఎప్పటిలాగే, "పెద్దమ్మా, గీ ఇల్లు ఎటు, గా ఇల్లు ఎటు, జర చెప్పు" అన్నాడు. "కండ్లు కనబడుతలేవు బిడ్డా, ఇంకెవర్నన్న అడుగు" అన్నాను. అప్పుడు నా చేతిలో సూది ఉంది, పాత దిండు గలేబుకు కుట్టు వేస్తున్నాను. అతను సూది వైపు చూసి, నా వైపు చూసి, జాబితా చుట్టుకొని లేచి వెళ్లాడు.

నాచారం పల్లెగా ఉన్నప్పుడే మా మామగారు కట్టిన ఇల్లు మాది. చుట్టూ జొన్నచేలు పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి, ఫ్యాక్టరీల వెంట జిల్లాల నుంచి జనం వచ్చారు. నేను చదివింది మూడో తరగతి. అయినా ప్రతి ఎన్నికకూ ముందు జాబితా తెరుచుకునేది మా అరుగు మీదనే. లీడరు పేరు చదువుతాడు, నేను చెబుతాను. వాళ్ల పార్టీకి వేసే మనిషైతే పచ్చ గీత, కాకపోతే ఎర్ర గీత, ఎటూ తేలకపోతే నీలం. మేడ మీది మాస్టారు రెండు పార్టీల మీటింగులకూ పోయి రెండు చోట్లా బిర్యానీ తింటాడు, ఆయన నీలం. కిరాణా కొట్టాయన ఏది గెలిస్తే ఆ పార్టీ మనిషి. పచ్చే గీయమన్నాను, ఎలాగూ అదే అవుతాడు. కొత్త కోడళ్లు అత్త చెప్పినదానికి ఎదురు వేస్తారని నాకు తెలుసు, నా కాలంలో నేనూ అదే చేశాను కనుక. నా అంచనా తప్పేది కాదు. గెలిచిన రోజు లీడరు మిఠాయి డబ్బాతో ముందు మా ఇంటికే వచ్చేవాడు. డబ్బాకు కట్టిన దారం కూడా నేను పారేసేదాన్ని కాదు.

మా గేటు పక్కనే, కరెంటు స్తంభం కింద, జనగామ వైపు నుంచి వచ్చిన ఒకామె ఇస్త్రీ బండి పెట్టుకుంది. ఆమె భర్త ఫ్యాక్టరీ యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్నాడు, ఇల్లంతా ఆ బండి మీదనే నడిచేది. నేను ఇస్త్రీకి ఒక చీర పంపితే దాని మడతల్లో మా ఆయన రుమాళ్లు రెండు మూడు పెట్టేదాన్ని. చీర కూలికే అవీ అయిపోతాయి. ఒకరోజు నల్లా దగ్గర ఆడవాళ్లతో ఆమె, "పెద్దింటమ్మ చీర కడుపుతోని వస్తది, ఇప్పంగనే రుమాళ్లను కంటది" అన్నదట. గల్లీ అంతా నవ్వింది. వారం రోజులు పాలాయన కూడా నన్ను చూసి నవ్వు ఆపుకుంటూ మూతి బిగించుకున్నాడు.

ఆ నెలలోనే ఎన్నికలు. జాబితాలో ఆమె పేరు వచ్చింది. "ఇస్త్రీ ఆమె మనదే గదా పెద్దమ్మా?" అంటూ లీడరు పచ్చ పెన్ను తీశాడు. వాళ్లదే. ఊరేగింపుకు వాళ్ల కండువాలన్నీ ఆమె ఊరికే ఇస్త్రీ చేసి ఇవ్వడం నేను కళ్లారా చూశాను. "అటోళ్లయి గూడ జేసింది. ఎర్రది గియ్యి" అన్నాను. అబద్ధమే. అతను గీశాడు. నా మాట మీద అంత నమ్మకం.

లీడరు పార్టీయే గెలిచింది. పది రోజులకు మున్సిపాలిటీ జీపు వచ్చి, రోడ్డుకు అడ్డమని ఆమె బండిని ఎత్తేసింది. అదే వరుసలో చాయ్ డబ్బా ఉంది, కోళ్ల దుకాణం గంపలు రోడ్డు మీదికే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు, అవి పచ్చవి. ఇస్త్రీ పెట్టెలోని నిప్పులు నేల మీద గుమ్మరించి పెట్టెను కూడా జీపులో వేసుకున్నారు. ఆమె ఉరికొచ్చి నా ముందు కూలబడింది.

"అమ్మా, నేను వాళ్లకే ఏసిన. నా బిడ్డల మీద ఒట్టు. మీ మాట లీడరు ఇంటడు. గీమె మనదే అని ఒక్క మాట చెప్పుర్రి, బండి ఇడుస్తరు."

"నువ్వు ఎవలకు ఏసినవో నేనేమన్న సూసిన్నా?" అన్నాను.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా కోడలి చేట ఆగింది. "అత్తమ్మా, ఫోనన్న చెయ్యిన్రి. చెయ్యిలేని మొగన్ని పెట్టుకొని యాడికి పోతది?" అంది. ఫోను తీసుకొని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఎవరికీ చేయలేదు. ఎర్ర గీత తప్పని ఒప్పుకుంటే అరుగు మీద నా మాటకు ఇంకేం విలువ? కాసేపు మంచం మీద కూర్చుని బయటికొచ్చి, "చెప్పిన. ఆయన ఇంటలేడు" అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని నా రెండు పాదాలు ముట్టుకుంది.

బండి తిరిగి రాలేదు. వాళ్లు మేడిపల్లి అవతల రేకుల గదికి మారారు. ఇప్పుడామె ఉప్పల్‌లో ఒక హాస్టల్లో గిన్నెలు తోముతుంది, వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి. నాకెలా తెలుసంటే, ప్రతి దసరాకూ వస్తుంది. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, మా కోడలితో, "గా దినం నా కోసం నోరిడిసి అడిగింది గీ అమ్మొక్కతే" అంటుంది. మా తలుపులు పలచనివి. ఆ రోజు లోపల ఒక్క మాట కూడా వినబడలేదని కోడలికి తెలుసు. కోడలు నా ముఖంలోకి చూస్తుంది. నేను జమ్మి అందుకొని "సల్లగుండు బిడ్డా" అంటాను. ఒక ఏడాది నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. "చాయ్ తాగి పో" అని వచ్చింది.

దసరా ఇంకా రెండు నెలలుంది. చిన్నప్పుడు పండుగ తొందరగా రావాలని రోజులు లెక్కపెట్టేదాన్ని. రోజులు మెల్లగా గడవాలని కోరుకోవడం మాత్రం ఈ వయసులో నేర్చుకున్నాను.