చెంబులో డీజిలు వాసన

ఆ రోజు అంతర్వేదిలో మిత్రులతో లాంచీ షికారు ముగించుకుని ఒక్కణ్ణే రాజోలు బస్సెక్కాను. పక్క సీట్లో ఓ పెద్దావిడ, ఒళ్లో ఇత్తడి చెంబు. ఆవిణ్ణి ఇందాకే, గోదావరి సముద్రంలో కలిసే సంగమం దగ్గర, లాంచీలోంచి చూశాను. మా లాంచీ వదిలిన డీజిలు నీళ్లమీద రంగురంగులుగా తేలుతుంటే, దాన్ని అరచేత్తో పక్కకు తోసి ఆ చెంబు ముంచింది. లాంచీ పైన మావాళ్లు పాటలు పెట్టుకుని గెంతుతున్నారు.

బస్సు కదిలాక ఆవిడ మూత తీసి, "తీర్థం తీసుకోండి బాబూ, సంగమం నీళ్లండి," అంది.

చెయ్యి పట్టాను. గుప్పున డీజిలు వాసన. తీర్థం వద్దని ఎలా అంటాను? పెదాలదాకా తెచ్చి, తాగినట్టు నటించి, తలకు రాసుకున్నాను.

ఆవిడ చూడనే చూసింది.

"పర్లేదు బాబూ, నేనూ తలకే రాసుకున్నానండి. తీర్థం కదా, పక్కనున్నవాళ్లకి ఇవ్వకుండా ఉండలేక ఇచ్చాను. అక్కడేదో షికారు లాంచీ తిరుగుతోందండి," అని, "మీరూ స్నానానికే వచ్చారా?" అనడిగింది.

"అవునండీ," అన్నాను.

ఆవిడ నా నలగని ఇస్త్రీ చొక్కా వైపు, తడిబట్టల సంచీ లేని ఒట్టి చేతుల వైపు ఓసారి చూసి, చెంబుకి మూత పెట్టేసింది.