క్యాసినో కోసం ప్రార్థన చీటీ

నా మనవరాలు గోవాలో పియానో వాయిస్తూ పాడుతుంది. ఓడ మీద క్యాసినో ఉందట. రోజూ సాయంత్రం అక్కడ ఆటా పాటా ఉంటాయి, అందులో ముఖ్యమైన మనిషి ఆమే. పోస్టరు మీద అందరికన్నా పెద్ద ఫొటో ఆమెది. జుట్టు చెవి పక్కకు మెలితిప్పి, అందులో ఒక పువ్వు, నేల ఊడ్చే గౌను. నా పెళ్లి కాకముందు రేడియోలో వచ్చిన తరహా పాటలు పాడుతుంది. అవి వినడానికి ఇప్పటివాళ్లు టికెట్టు కొంటారట. ఎందుకో నాకు అర్థం కాదు. మా రేడియో చెడిపోయిన రోజు ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

ఒకసారి వీడియో పంపింది. ఆమె పాడుతోంది. చుట్టూ బల్లల దగ్గర మనుషులు తలలు వంచుకుని కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. క్యాసినో అంటే పెద్ద హోటలనుకున్నాను.

మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్లు ఎండబోసిన రోజుల్లో నాకు అక్షరం రాదు. సూర్యాపేట వచ్చాక, యాభై దాటాక నేర్చుకున్నాను. అందుకే చర్చిలో ప్రార్థన చీటీ నేనే రాస్తాను, ఇంకొకరితో రాయించను. ఆదివారం డబ్బాలో వేస్తే పాస్టరు గారు మైకులో చదివి, అందరితో ప్రార్థన చేయిస్తారు.

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో ఆయనకిష్టమైన కీర్తన చర్చి కీబోర్డు మీద వాయిస్తానంది మనవరాలు. చిన్నప్పుడు ఆమెను దాని ముందు కూర్చోబెట్టింది ఆయనే. ఆ సంతోషంలో చీటీ రాశాను: 'గోవా క్యాసినోలో పాడే నా మనవరాలిని దేవుడు దీవించాలి. ఆమె పాటకు ఇంకా ఎక్కువమంది రావాలి. ఆ క్యాసినో ఇంకా పెద్దది కావాలి.'

పాస్టరు గారు అలవాటు కొద్దీ చివరిదాకా చదివేశారు. జనం అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. పక్కన కూర్చున్న మా తోడికోడలు నా మోచేయి గిల్లింది.

"అక్కా, గది పత్తాలాడే జాగ. జూదం!"

"ఎవలు చెప్పిన్రే?"

"టీవీల సూడవా? మనమందరం ఆమెన్ అంటిమి గదనే, ఇగ ఎట్ల?"

ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా, సంఘం పెద్దలు ఒప్పుకుంటలేరు. కూడిక చర్చిల పెడితే పాప వాయించొద్దు. పాపనే వాయించాలంటే మీ ఇంటి కాడ పెట్టుకోండ్రి. నేనొస్త."

"ఇంటి కాడ వాయిస్తె పాపం గాదా అయ్యగారూ?"

"అది వేరమ్మా."

"ఎట్ల వేరు?"

ఆయన బైబిలు సంచిలో పెట్టుకుని చెప్పులు వెతుక్కున్నారు.

మనవరాలికి ఫోన్ చేశాను. "జూదమాడిస్తున్నవానే?"

"లేదు అమ్మమ్మా. వాళ్లు ఆడుకుంటరు, నేను పాడత."

"వాళ్లు నీ పాట వింటరా?"

"ఓడిపోయినోళ్లు వింటరు. గెలిచినోళ్లు ఇంకో ఆటకు పోతరు."

"నీ పాటకు ఎక్కువమంది రావాలని మొక్కిన. అంటే ఎక్కువమంది ఓడిపోవాలని మొక్కినట్టా?"

ఆమె చాలాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా ఆయన ఏళ్ల తరబడి కూర్చున్న బల్ల ఆ చర్చిలోనే ఉంది. ఆయన పేరున కూడిక అక్కడ కాక ఇంకెక్కడ? కానీ ఆమె వాయించకపోతే ఆ కూడిక ఆయనదెట్లా అవుతుంది? రెండు రోజులు ఇదే ఆలోచించాను. చివరికి, బల్ల పాడదు కదా అనుకుని, ఇంటి ముందు షామియానా వేయించాను. కోదాడ బ్యాండు వాళ్ల దగ్గర కీబోర్డు కిరాయికి తెచ్చాం.

మనవరాలు నేత చీర కట్టుకుని కూర్చుంది. వద్దన్న పెద్దలంతా వచ్చి ముందు కుర్చీల్లోనే కూర్చున్నారు. కీర్తన సగానికి వచ్చేసరికి ఆమె ఎడమచెయ్యి ఓడలో వాయించినట్టే ఊగడం మొదలుపెట్టింది. ఒక పెద్దాయన కాలు కూడా ఊగింది. ఏడుద్దామని కొంగు సిద్ధం చేసుకున్న నాకు ఏడుపు రాలేదు. తోడికోడలు చప్పట్లు కొడుతోంది.

భోజనాలయ్యాక పాస్టరు గారు కీబోర్డు దగ్గరికి వెళ్లారు. "పాపా, ఆ ఎడమచెయ్యి ఎట్ల కొట్టినవ్? జర నెమ్మదిగ సూపియ్యి."

"అయితె వచ్చే ఆదివారం చర్చిల వాయించమందునా అయ్యగారూ?" అన్నాను.

"చర్చిల వద్దమ్మా," అంటూనే ఆయన వేళ్లు కీబోర్డు మెట్ల మీద పెట్టారు.

ఏది పాపమో, ఏది కాదో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరిని అడగాలో తెలియలేదు. లోపలికి వెళ్లి అన్నం గిన్నెలు తీయించాను.