ఓబులన్న ఎప్పుడూ ఎండకెదురుంగనే నిలబడెటోడు

నిన్న పొద్దుగాల ఛాయ్ గ్లాస్ చేతిల ఉన్నది. ఫోన్ మోగింది. స్క్రీన్ మీద ఓబులన్న పేరు.

ఎత్తంగనే "ఏంది, ఇంకా బతికే ఉన్నవా?" అని మొదలువెట్టిన. మా ఇద్దరి నమస్కారం అదే.

అవతల వదిన.

"లేడు నాయనా. నిద్దర్లోనే పోయినాడు."

నమ్మలే. ఇన్నేండ్ల నా మజాక్‌లకు ఒక్కసారే బదులు తీర్చుకుంటుండేమో అనుకున్న. వాళ్ల ఇంటికి పోయి మనిషిని చూసేదాక అదే ఆశ.

మజాక్ కాదు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. ఓబులేసన్నది కర్నూలు దిక్కు. సాఫ్ట్‌వేర్ల మేనేజర్. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నప్పుడు హైదరాబాద్ ఖాజాగూడల మా ఇంటెనక ప్లాట్ కొన్నడు. ప్లాట్ అంటే ఏం ప్లాట్? మేకలు సుత జారిపడే వాలు, నడుమ ఏనుగులసొంటి బండలు.

ఇల్లు కట్టిండు, సరే. ఇంటెనక షటిల్ కోర్ట్ సుత కడ్తా అన్నడు!

నాకు సమజ్ కాలే. బయట చూస్తే రోజొక ర్యాలీ. ఆయన చుట్టాలేమో "అమ్మేసి వచ్చెయ్" అని ఫోన్ల మీద ఫోన్లు. పోయేటోడు మూట కట్టుకోవాలె గని, మోసుకపోరానిది ఎందుకు కడ్తడు?

నేను అప్పుడు ఆఫీస్ క్యాబ్ నడుపుతుంటి. బంద్ ఉంటే నా బండి సుత బంద్. గోడెక్కి కూసునుడు, పని చూసుడు, నోరు పారేసుకునుడు.

బండలు పేల్చుదామంటే చుట్టూ ఇండ్లు. కంప్రెసర్, సుత్తె, గడ్డపారలే దిక్కు. బండ కదలదాయె. నేనేం జేసిన? ఛాయ్ హోటల్ల మెల్లగ ఒక ముచ్చట ఇడిసిన. "ఓబులేసు బండల కింద లంకెబిందెలున్నయట."

తెల్లారేసరికి సగం బస్తీ గడ్డపారలతోని దిగింది. పొద్దుమీకేసరికి నడిమి బండ మాయం. బిందె లేదు, చెంబు సుత లేదు.

అన్న నా దగ్గరికొచ్చిండు. తిడ్తడేమో అనుకున్న.

"ఏమప్పా మల్లేశూ, ఆ మూల ఇంగో బండ ఉండాది. దాని కింద కూడా ఉండాయని చెప్పగూడదా?"

ఆ దినమే దోస్తులమైనం.

వాలు మీద కోర్ట్ అంటే పైన చెక్కాలె, కింద నింపాలె. వాలుకు అడ్డంగ వేస్తే నింపుడు తక్కువైతుండె. కని వాస్తు ఆయన వచ్చి ఉత్తరం దిక్కు ఖాళీ ఉంచాలన్నడు. ఆఫీస్‌ల ఎవ్వరికీ భయపడని మనిషి, వాస్తుకు భయపడ్డడు. కోర్ట్‌ను తిప్పేసిండు.

ఏమైంది? పడమటి కొస గట్టి బండ మీద. తూర్పు కొస పోసిన మట్టి మీద. ఆ మట్టిని ఆపెటందుకు రాతిగోడ. అదిగూడ వరుస బంద్‌ల నడుమ లేచిన గోడ. సిమెంట్ లారీ రాదాయె, వానలు ఆగవాయె. కొట్టిన బండ ముక్కలనే ఒకదాని మీదొకటి పేర్చిండ్రు.

పైంగ పొద్దుమీకి ఆడితే, మట్టి కొసకున్నోని కండ్లల్లనే సూర్యుడు!

ఆట మొదలైన దినం నేను గమ్మునుంటనా? నెట్ చూపెట్టి అందరి ముంగట అనేసిన.

"అన్నా, ఇగ ఇదే బార్డర్. గట్టి బండ మాది. ఎక్కడెక్కడినుంచో తెచ్చి పోసిన మట్టి మీది."

అందరు నవ్విండ్రు. అన్న సుత నవ్విండు. పోయి మట్టి కొసకు నిలబడ్డడు.

గంతే. మల్ల ఇటు రాలే.

"సైడ్ మారుదామన్నా" అంటే, "నీకు ఎండ పడదులే అప్పా" అనేటోడు. ఆయన దిక్కు జోడీ సుత ఎవ్వరిని నిలవెట్టుకోకపోతుండె. మేం బస్తీ దోస్తులం ఇద్దరం ఇటు, ఆయనొక్కడే అటు. కండ్లు చిట్లించుకుని ఆడుడు, ఓడుడు. పగలంత జెండా పట్టుకుని తిరిగినోళ్లం, పొద్దుమీకి ఆయనింట్ల ఉగ్గాని, బజ్జీ తిని, ఆయన్నే ఓడగొట్టి వస్తుంటిమి.

రాష్ట్రం వచ్చిననాడు మిఠాయి డబ్బా నేనే తీస్కపోయిన. "ఇప్పుడన్న సైడ్ మారు" అని అడిగిన. మిఠాయి తిన్నడు. సైడ్ మారలే.

తర్వాత మా పిల్లలు పెద్దగై ఆడినా గంతే. పిల్లలందరు బండ మీద, ఆయన మట్టి మీద.

ఇన్నేండ్ల సంది నన్ను తొలిచింది ఒక్కటే. నా మాట గుచ్చుకున్నదా? పౌరుషమా? అడిగితే నవ్వుడే. చెప్పకపాయె.

నిన్న అన్ని అయిపోయినంక వదిన పక్కన కూసొని అడిగేసిన. నాకు బుద్ధి లేదు, మీకు తెల్సు. అంత ఏడుపుల ఆమె నన్ను వింతగ చూసింది.

"నీ మాటకా? నీ మాట ఎవరు లెక్కపెడతారు నాయనా! ఆ గోడ మింద ఆయనకు నమ్మకం ల్యాకపాయ. తొలి వానకే పొట్ట ఉబ్బింది. మళ్లా అడుగు నుంచి కట్టించినాడు. అయినా నమ్మల్యా. 'మనింటికి ఆడేదానికి వచ్చినోళ్లు. అది కూలితే నాతోనే పోవల్ల' అనేవాడు."



పొద్దుమీకి ఒక్కన్నే కోర్ట్‌లకు పోయిన. ఫస్ట్ టైమ్ మట్టి కొసకు నిలబడ్డ. కాలు కింద ఏం కదలలే. గోడ మంచిగనే ఉన్నది.

ఎండ మాత్రం సీదా కండ్లల్లకే. నెట్ అవతల మనిషున్నడో చెట్టున్నదో కనవడదు. ఈ మనిషి ఇన్నేండ్లు మా మొఖాలు సుత కనవడకుంటనే ఆడిండు.

వదిన తలుపు కాడ నిలబడి చూస్తున్నది. కండ్లు తుడుసుకున్న. ఎండకు అని చెప్పిన.

అన్నా, ఇగనన్న సైడ్ మారు. ఈ కొస నేను చూస్కుంట.

నువ్వు జర నీడకు కూసో. నీకు ఆరాం దొరకాలె.