ఎదురు ఫ్లాట్ తాళంచెవి

నా చిన్నప్పుడు మా అమ్మ గుమ్మం దాటాలంటే చీర కట్టుకుని, కుంకుమ బొట్టు పెట్టుకుని తీరాలి. అది మా ఇంటి ఆచారమేమీ కాదు, మా నాన్నగారి ఆర్డరు. అరవైల చివరి రోజులవి. వాషింగ్టన్ నగరానికి నది ఇవతల, వర్జీనియాలో, ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం. మంచు మోకాళ్ల దాకా పడ్డా సరే, పాలకోసం మూలనున్న కొట్టుకి వెళ్లాలన్నా సరే, అమ్మ కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని బూట్లేసుకుని నడిచేది. దారంతా సణుక్కునేది కూడా.

నాన్నగారి ఆర్డరుకి ఒక కథ ఉంది. ఆయన ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో క్షవరానికి వెళితే, కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేచి పొమ్మన్నారట. ఇండియా నుంచి వచ్చానని చెప్పాక, అరెరే అనుకుని మళ్లీ కూర్చోబెట్టి, మర్యాదగా జుట్టు కత్తిరించి పంపారట. ఆయన ఒంటి రంగు చూసి నల్లజాతి మనిషి అనుకున్నారన్నమాట. ఇంకొకరైతే ఆ షాపువాణ్ణి తిట్టుకుని ఊరుకునేవారు. మా నాన్నగారు మాత్రం, మనల్ని చూసి నల్లజాతి వాళ్లనుకోకుండా ఏం చెయ్యాలా అని ఆలోచించారు. తాను చీర కట్టుకునే వీలు లేదు గనుక, అమ్మకు కట్టించి పక్కన నడిపించుకునేవారు. ఆయన్ని తప్పుపట్టడం తేలికే. భయపడ్డ మనిషికి ఏ గొడుగు దొరికితే అదే గొడుగు.

అరవై ఎనిమిదో సంవత్సరం వసంతంలో నల్లజాతి వాళ్ల పెద్ద నాయకుణ్ణి ఒకరిని కాల్చి చంపారు. నది అవతల వీధులకు వీధులు తగలబడ్డాయి. మా మెట్ల దగ్గర నిలబడితే పొగ కనిపించేది. టీవీ పెడితే యుద్ధం, ఊరేగింపులు, పోలీసులు. నాన్నగారు టీవీ కట్టేసి, మనకెందుకు అనేవారు. మా ఇంట్లో ఆ కాలంలో వినిపించిన పాట ఏదైనా ఉందంటే ఈ ఒక్క మాటే, మనకెందుకు.

ఆ మంటల్లో ఇల్లు పోయినవాళ్లలో మా నర్సమ్మ ఒకావిడ. మా తమ్ముడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో అమ్మను చూసుకున్న నల్లజాతి నర్సు ఆవిడ. అక్కడి తిండి సయించక అమ్మ ఏడుస్తుంటే, మా ఇంట్లోనూ అన్నమే వండుతాం తల్లీ అని డబ్బాలో వేడి వేడి అన్నం తెచ్చి పెట్టింది. అప్పటినుంచి అమ్మకు ఆవిడ అక్క. ఆ పిలుపు నేర్పించి, బదులుగా చెల్లీ అని పిలిపించుకునేది కూడా. నాకు తెలిసినంతవరకు ఈ దేశంలో అమ్మకు ఆవిడ తప్ప చుట్టాలు లేరు. ఆవిడకు నా ఈడు కూతురుంది. ఇల్లు కాలాక తల్లీకూతుళ్లు ఎవరి ఇంట్లోనో సోఫాల మీద పడుకుంటూ, రెండు బస్సులు మారి నది దాటి, ఆవిడ డ్యూటీకి వచ్చేది. ఆసుపత్రి మా ఇంటికి నడిచే దూరం.

మా ఎదురు ఫ్లాట్ అప్పుడు ఖాళీగా ఉంది. అపార్ట్‌మెంట్ల ఆఫీసు కిటికీలో ఖాళీ ఉందని బోర్డు కూడా వేలాడుతోంది. నర్సమ్మ యూనిఫామ్‌తో వెళ్లి అడిగితే, ఖాళీలు లేవు, బోర్డు తియ్యడం మరిచిపోయాం అన్నాడు మేనేజరు. రంగు చూసి ఇల్లు లేదనకూడదని ఆ మధ్యే చట్టం వచ్చింది. చట్టం పేపర్లో ఉంది, తాళంచెవి మేనేజరు జేబులో ఉంది. అమ్మ నాన్నగారితో చెప్పి చూసింది. మీరొక మాట చెప్పండి, మీరంటే అతనికి గౌరవం కదా అంది. నాన్నగారు పేపరు మడవకుండానే, మనకెందుకు అన్నారు.

మా అమ్మకు కడుపు మండితే మాట్లాడదు, పని చేస్తుంది. రెండు రోజుల తర్వాత నర్సమ్మ డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చేసరికి మంచం మీద అమ్మ పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర సిద్ధంగా ఉంది. నాన్నగారికి మనల్ని ఎలా కాపాడాలో తెలిసినప్పుడు, ఆ ఉపాయం అక్కకు మాత్రం ఎందుకు పనికిరాదు? ఇదీ అమ్మ లెక్క. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అమ్మ అందులో మోసమేమీ చూడలేదు. చలికి కోటు ఇచ్చినట్టే ఇచ్చింది.

నర్సమ్మ పొడగరి. ఆరుగజాల చీర కూడా ఆవిడ చీలమండల పైకే ఆగిపోయింది. అమ్మ జాకెట్టు ఆవిడ మోచేతి దగ్గరే ఇరుక్కుంటే, ఆవిడ తెల్ల చొక్కా మీదే చీర చుట్టింది. నేను నేల మీద మోకాళ్లేసుకుని కుచ్చిళ్లు పట్టుకున్నాను, ఎప్పుడూ అది నా పనే. కుచ్చిళ్లు జారిపోతుంటే నర్సమ్మ పగలబడి నవ్వింది. అమ్మ పిన్నీసులు నోట్లో పెట్టుకునే, కదలకక్కా అని కసిరింది. చివర్లో బొట్టు పెట్టి, దూరం జరిగి చూసి, ఇప్పుడు నువ్వేమీ మాట్లాడకు, నేను మాట్లాడతాను అంది.

ఆఫీసులో మా అమ్మ, ఈవిడ మా అక్క, ఇండియా నుంచి వచ్చింది అంది. మేనేజరు లేచి నిలబడ్డాడు. నర్సమ్మకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా గట్టిగా, మెల్లగా పలుకుతూ మా వెంట వచ్చాడు. ఎదురు ఫ్లాట్ తలుపు తీసి కుళాయి తిప్పి చూపించాడు. గోడలకు కొత్త రంగు వేయిస్తానన్నాడు. మీవాళ్లు నెమ్మదస్తులు, మాకు ఇష్టం అన్నాడు. ఈవిడ ముఖంలోకే కదా నాలుగు రోజుల క్రితం చూసి లేదన్నాడు, గుర్తుపట్టనేలేదు. ఆ రోజు చూసింది ముఖాన్ని కాదు మరి. వచ్చే వారమే దిగండి అని తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

మా ఇంట్లోకి రాగానే అమ్మ గంతులెయ్యడమొక్కటే తక్కువ. టీ పెట్టింది. ఇంకో నాలుగు చీరలు ఇస్తాననీ, పాపకు పరికిణీ కుట్టిస్తాననీ, ఆఫీసు ముందునుంచి వెళ్లేటప్పుడు కట్టుకుంటే చాలుననీ గడగడా చెప్పుకుపోతోంది. నర్సమ్మ కూడా నవ్వుతూనే వింటోంది. ఏ మాట దగ్గరో గాని ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్లు కట్టుకోవాలి చెల్లీ?" అని అడిగింది.

"అలవాటైపోతుందక్కా," అంది అమ్మ. "నాకు కాలేదూ?"

ఆ మాట అనేశాక అమ్మ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. నాకు ఎనిమిదేళ్లు, ఏం జరిగిందో తెలియలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. మంచుకాలం బూట్ల మీద కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచిన దారులన్నీ అమ్మకు ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటాయని ఇప్పుడనిపిస్తుంది. ఇండియాలో మా ఊళ్లో అమ్మ చీర కట్టుకునేది, అంతే. ఇక్కడికొచ్చాక ఆ చీర ఒక చీటీ అయింది, మేము వాళ్లం కాదు అని.

నర్సమ్మ లేచి, చీర విప్పి, మంచం మీద పరిచి, మడతలు సరిగ్గా పెట్టి అమ్మకు ఇచ్చింది. బొట్టు తుడుచుకుంది. యూనిఫామ్ సర్దుకుని, తాళంచెవి తీసుకుని ఆఫీసుకి నడిచింది. వెనకే అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను.

నేను మొన్న వచ్చినదాన్నే, ఇందాక వచ్చిందీ నేనే, అంది నర్సమ్మ. నేనే, నా కూతురు, ఇద్దరమే ఉంటాం, వచ్చే వారం దిగుతాం అంది. అరుపు లేదు. మేనేజరు ముఖం ఎర్రబడింది. ఆ ఫ్లాట్ వేరేవాళ్లకు మాటిచ్చేశాం, పొరపాటైంది అంటూ చెయ్యి చాపాడు. నర్సమ్మ తాళంచెవి ఆ చేతిలో పెట్టలేదు. బల్ల మీద వదిలింది. అది టంగుమని పడింది. అప్పుడు మా అమ్మ, తనకొచ్చిన ఇంగ్లిషంతా కూడగట్టుకుని, నువ్వు అబద్ధం చెబుతున్నావు, నేను చూశాను, ఎక్కడ అడిగినా చెబుతాను అంది. అమ్మ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం ఇంట్లో రణరంగం. మన వీసా సంగతేమిటి, రేపు మనల్ని ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతామే అన్నారు నాన్నగారు. అప్పుడు తెలుస్తుందిలెండి మీకు, అంది అమ్మ. నర్సమ్మ ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టింది. నాన్నగారు వద్దంటున్నా అమ్మ వెళ్లి సాక్ష్యం చెప్పింది. ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. విచారణ నడుస్తూనే ఉంది, ఈలోగా ఎదురు ఫ్లాట్‌లో ఎవరో తెల్లజాతి దంపతులు దిగారు. మంచివాళ్లే, మాకు కేకు కూడా తెచ్చిచ్చారు. అమ్మ ఆ కేకు ముట్టుకోలేదు. నర్సమ్మ ఎక్కడో దూరాన ఇల్లు చూసుకుంది, మళ్లీ రెండు బస్సులు. వచ్చినప్పుడల్లా మా మెట్లెక్కుతూ ఎదురు తలుపువైపు చూసేది కాదు.

అమ్మ చీరలు మానలేదు. అవి ఆవిడవి, ఆవిడకు ఇష్టం. కానీ కొట్లో ఎవరైనా, ఎక్కడి నుంచి వచ్చారమ్మా అని ముద్దుగా అడిగితే, అదిగో ఆ ఎర్ర బిల్డింగు అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. పక్కన నాన్నగారు ఇబ్బందిగా కదిలేవారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అదే వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో ఉంటున్నాను. అప్పట్లో నర్సమ్మ తప్ప చుట్టాల్లేని చోట ఇప్పుడు మన తెలుగువాళ్లు వీధికి పదిమంది. మొన్న ఆదివారం ఒక సత్యనారాయణ వ్రతంలో, డేటా సెంటర్లో పనిచేసే కుర్రాడొకడు ప్లేటులో పులిహోర పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఇమిగ్రేషన్ వాళ్లెవరో వాణ్ణి పార్కింగ్‌లో ఆపి వీసా కాగితాలు చూపించమన్నారట. పాపం, పులిహోర ముట్టుకోకుండా అదే చెబుతున్నాడు.

"నాది హెచ్-వన్ వీసా ఆంటీ, ట్యాక్స్‌లు పే చేస్తున్నా. కాగితాల్లేకుండా రూఫ్ పనులు చేసే వాళ్లతో నన్ను కలిపేస్తే ఎలా? ఇప్పుడు ఆఫీస్ బ్యాడ్జ్ మెడలో వేసుకునే గ్రోసరీస్‌కి వెళ్తున్నా, మనం వాళ్లం కాదని తెలియాలి కదా," అన్నాడు.

"ఎన్నాళ్లు కట్టుకుంటావు బాబూ ఆ చీర?" అన్నాను.

ఏ చీర ఆంటీ అని తెల్లబోయాడు. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు, కళ్లు కూడా చెమర్చాయి. చివరికి, "నిజమే ఆంటీ, చాలా బ్యాడ్. కానీ మన కేస్ వేరు కదా, మనం లీగల్," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు, వాడిలో మా నాన్నగారే కనిపించారు, ఆ క్షవరం కుర్చీలోంచి లేచి నిలబడి. ఇన్నేళ్లలో చట్టాలు మారాయి, మనుషులు మారారు, మేనేజర్లూ మారారు, ఆ ఎర్ర బిల్డింగే కూలగొట్టేశారు. నర్సమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం మా అమ్మ ఆ రోజు చెప్పిన జవాబు తప్ప ఇంకో జవాబు ఎవరి నోటా వినలేదు. అలవాటైపోతుందట. నాకు కాలేదు. బల్ల మీద తాళంచెవి పడ్డ ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.