నలభై ఏడో పేజీ చిన్నక్షరాలు

డ్రైవింగ్ మాస్టారికి ఒకటే జబ్బు: పుస్తకంలో ఉందో లేదో చూసుకోందే తుమ్మయినా తుమ్మరు. రోడ్డు మీద ఉన్నప్పుడు అది ట్రాఫిక్ నిబంధనల పుస్తకం. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మాత్రం ఇంకోటి. దాని ఎర్ర అట్టలు ఊడిపోయాయి, వెన్నుకి నల్లటేపు పడింది, వారమంతా పాత చొక్కాగుడ్డలో ముసుగు తన్ని పడుకుంటుంది. ఆ రెండో పుస్తకం వల్లే మాస్టారి బావమరిది ఇప్పటికి మూడుసార్లు చచ్చాడు.

కంగారు పడకండి, అది ఆట. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. మాస్టారు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం: పేరేమిటి, ప్రాణం ఎంతుంది, సంచిలో ఏమున్నాయి. "ఎదురుగా చీకటి గుహ, ఏం చేస్తారు?" అంటే లోపలికి దూరతారో, వెనక్కి తిరిగి పరుగెడతారో వాళ్లిష్టం. బతికారా పోయారా అన్నది మాత్రం ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ ఆట తర్వాత ఇలాంటివి చాలా పుట్టాయి, చాలా పోయాయి. ఇది మాస్టారి మీసం నల్లగా ఉన్నప్పుడు అచ్చయింది, మీసం తెల్లబడ్డాక కూడా అచ్చవుతూనే ఉంది. కొత్త కొత్త కూర్పులు వచ్చిపడ్డాయి. మాస్టారు మాత్రం మొదటి పుస్తకం దగ్గరే హ్యాండ్ బ్రేకు వేసుకుని కూర్చున్నారు.

"కొత్త కూర్పులో ప్రాణం సున్నాకొచ్చినా ఇంకో అవకాశం ఇస్తారట బావా!" అని బావమరిది ఎన్నోసార్లు మొత్తుకున్నాడు.

"మన బల్ల మీద సున్నా అంటే సున్నాయే. కాగితం చించు."

"కన్నీళ్లు పెట్టుకోవడానికైనా టైమివ్వవా?"

"ఏ పేజీలో ఉందో చూపించు, ఇస్తాను."

అలా బావమరిది మాంత్రికుడు అగ్నిజిహ్వుడు పోయాడు. మరుసటి వారం అగ్నిజిహ్వుడి తమ్ముడు వచ్చాడు, పోయాడు. ఆపైన మేనమామ. ప్రస్తుతం ఆ వంశంలో మిగిలింది పినతండ్రి కొడుకొక్కడే.

బావమరిది అక్కకి, అంటే మాస్టారి భార్యకి, ఈ పేజీల గోల అలవాటైపోయింది. ఆటలో ఆవిడ కత్తివీరురాలు, ఇంట్లోనూ పెద్ద తేడా లేదు. మాస్టారు కూరలో ఉప్పు తక్కువైందంటే, "ఏ పేజీ అండీ?" అని గరిటె పైకెత్తేది. మాస్టారు మారుమాట్లాడకుండా తినేసేవారు.

బావమరిది డ్రైవింగ్ నేర్చుకున్నదీ బావ దగ్గరే. నేర్పే కారులో మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. "అది ఉందని మర్చిపో. నేను ముట్టుకోను," అని మాస్టారు ముందే చెప్పేశారు. మొదటిరోజే బజారులో ఒక కుక్క అడ్డమొచ్చింది. బావమరిది కళ్లు మూసుకుని కాలితో ఏదో తొక్కాడు. కారు కుక్క ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. "భేష్! కాలంటే నీదేరా!" అన్నారు మాస్టారు. ఆ కుక్క కథ ఇప్పటికీ బావమరిది పెళ్లికెళ్లినా చెబుతాడు, పరామర్శకెళ్లినా చెబుతాడు.

నాలుగో కుర్చీ ఫొటో స్టూడియో పెద్దాయనది. నిజానికి అది ఆయన భార్యది. మొదట్లో ఆటకి వచ్చేది ఆవిడే. 'పిట్ట' అనే దొంగపిల్లని కల్పించుకుని, గుండ్రటి అక్షరాలతో కాగితం రాసుకుని, మూలన ఒక పిట్ట బొమ్మ కూడా గీసుకుంది. ఆవిడ పోయాక ఒక ఆదివారం పెద్దాయన తలుపు కొట్టి, ఆ కుర్చీలో కూర్చుని, బుర్రమీసం సవరించుకుని, "ఈ రోజు నుంచి పిట్ట నేనే," అన్నారు. ఎవరూ నవ్వలేదు. వారమంతా జనానికి "కొంచెం నవ్వండి" అని చెప్పే మనిషి తను నవ్వేది మాత్రం ఆ బల్ల దగ్గరే.

ఇక్కడే బావమరిదికి అనుమానం పుట్టింది. మాంత్రికులు చస్తే బావ చకచకా చింపించేస్తాడు. పిట్ట ప్రాణం మీదికొస్తే మాత్రం కళ్లజోడు పెట్టుకుని, పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని, "ఆగండాగండి. నలభై ఏడో పేజీ, అడుగున చిన్నక్షరాలు..." అంటాడు. విషం తాగిన దొంగకి తుమ్ము వస్తే విషం పోతుందట. నక్కి ఉన్న దొంగని పాము గుర్తుపట్టదట. బావమరిది బీమా కంపెనీలో పనిచేస్తాడు, చిన్నక్షరాలు అతని వృత్తి. అతనికి తెలిసినంతలో చిన్నక్షరాలు ఇచ్చినదాన్ని లాక్కుంటాయి. పోయినదాన్ని తెచ్చిచ్చే చిన్నక్షరాలు ఎక్కడా చూడలేదు.

పుస్తకం చూద్దామంటే మాస్టారు ముట్టుకోనివ్వరు. అప్పుడు అతనికో సంగతి తెలిసింది. ఆ పాత పుస్తకాన్నే, అదే ఎర్ర అట్టతో, పేజీకి పేజీ మార్చకుండా మళ్లీ అచ్చు వేస్తున్నారు. వెంటనే తెప్పించుకున్నాడు. నలభై ఏడో పేజీ తీశాడు. తాళ్ల ధరలు, నిచ్చెనల ధరలు, కంచరగాడిద ధర. అడుగున తెల్లకాగితం తప్ప ఏమీ లేదు.

"దొరికావు బావా," అనుకుని పుస్తకం సంచిలో వేసుకున్నాడు. ఆదివారం పిట్ట ప్రాణం మీదికి ఎప్పుడొస్తుందా అని గుంటనక్కలా కాచుకు కూర్చున్నాడు.

ఎంతోసేపు కాయక్కర్లేకపోయింది. లోయ మీద తాళ్ల వంతెన. కత్తివీరురాలు దాటేసింది, మాంత్రికుడు దాటేశాడు. పిట్ట నడిమధ్యలో ఉండగా కింది నుంచి గున్న ఏనుగంత సాలీడు పాకి వచ్చి తాళ్లు కొరకడం మొదలెట్టింది.

"దూకుతుంది," అన్నారు పెద్దాయన.

"పాచిక వెయ్యండి. ఏదొచ్చినా దాటుతుంది. ఒకటి మాత్రం రాకూడదు," అన్నారు మాస్టారు.

పెద్దాయన పాచికని గుప్పిట్లో చాలాసేపు ఆడించారు. వేశారు. అది దొర్లి, మంచినీళ్ల గ్లాసుకి తగిలి, బల్ల అంచున గిర్రున తిరిగింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిరిగి తిరిగి ఆగింది.

ఒకటి.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు, పుస్తకం తెరిచారు, "నలభై ఏడో పే..." అని తలెత్తారు. బావమరిది ఒళ్లో సంచిలోంచి ఎర్ర అట్ట తొంగిచూస్తోంది. తన పుస్తకమే, కాకపోతే కొత్తది. మాస్టారి మొహం, ఎదురుగా లారీ వస్తుంటే క్లచ్ వెతుక్కునేవాడి మొహంలా అయిపోయింది.

"ఏమైనా ఉందా మాస్టారూ?"

"వెతుకుతున్నానండీ."

ఒక పేజీ తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. బావమరిది పెదవి కొరుక్కున్నాడు. ముగ్గురు మాంత్రికుల తరఫున అతను ఎదురుచూసిన క్షణం ఇదే. ఒక్క మాట అంటే చాలు.

"పోన్లెండి," అన్నారు పెద్దాయన. "రూలు రూలే. ఆవిడైనా అదే అనేది." కాగితం రెండు చేతుల్లోకి తీసుకున్నారు. గుండ్రటి అక్షరాలు, మూలన పిట్ట బొమ్మ. బొటనవేళ్లు అంచు మీద ఆనాయి గానీ కదల్లేదు. అంతలో ఆయన చూపు సంచి మీద పడింది. "అదీ ఇదే పుస్తకమా బాబూ? కొత్తదైతే అచ్చు చెరిగిపోకుండా ఉంటుందిగా. నువ్వోసారి చూసి చెప్పవూ?"

"ఒరేయ్..." అన్నారు మాస్టారు.

బావమరిది పుస్తకం బయటికి తీశాడు. నలభై ఏడో పేజీ. తాళ్లు, నిచ్చెనలు, కంచరగాడిద. బావ చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. పెద్దాయన కళ్లార్పడం లేదు.

బావమరిది పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకున్నాడు.

"ఉందండీ. అబ్బ, మరీ చిన్నక్షరాలు! 'సదరు పడిపోవుచున్న వ్యక్తి వద్ద తాడు ఉండి, దాని రెండవ కొన సహచరునిచే పట్టుకొనబడి యున్నచో, సదరు పతనము చెల్లదు.'"

"తాడుంది!" పెద్దాయన కుర్చీలోంచి లేచిపోయారు. "ఇదిగో, ఆవిడే రాసుకుంది. తాడు, పక్కనే 'చాలా పొడుగు' అని!"

"రెండో కొస ఎవరు పట్టుకున్నట్టు?" అంది అక్క, తమ్ముడి మొహంలోకి గుచ్చి చూస్తూ.

"నేనే."

మాస్టారు ఊపిరి వదిలారు. వదిలి, కళ్లజోడు సర్దుకుని, బావమరిది చేతిలోంచి కొత్త పుస్తకం లాక్కున్నారు.

"కింద ఇంకో ముక్క ఉంది, దాటేశావు."

"ఏ ముక్క?"

"'అయితే, సదరు సహచరుడు మాంత్రికుడైనచో, కండబలము బొత్తిగా లేనందున, ఆమెను గట్టుకి లాగి తాను లోయలో పడును.'"

"బావా! ఇది అన్యాయం!"

"రూలు రూలే. సున్నా. కాగితం చించు."

పినతండ్రి కొడుకు కూడా పోయాడు. బావమరిది కాగితం పర్రున చించుతుంటే ఎవరూ "కొంచెం నవ్వండి" అనకుండానే పెద్దాయన మీసం ఎగిరిపడేలా నవ్వారు. పిట్ట కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం ఆయన్ని ఇంటి దగ్గర దింపి, బావాబావమరుదులు బావమరిది కారులో తిరిగి వస్తున్నారు.

"నా వాళ్లకి ఒక్క చిన్నక్షరమూ దొరకలేదేం బావా?"

"నువ్వు చస్తే వారం తిరక్కుండా వాడి తమ్ముణ్ణి పట్టుకొస్తావు. ఆయన ఎవర్ని తెస్తాడురా?"

అంతలో సందులోంచి ఒక కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు వేశాడు. కారు ఆగింది. బావ వైపు చూద్దామని తల తిప్పితే ముందు ఆయన కాళ్లు కనిపించాయి. ఈ కారులో అటు పక్క బ్రేకు లేదు. అయినా మాస్టారి కుడికాలు కింద పట్టాని శక్తికొద్దీ అణిచిపట్టి ఉంది.

బావమరిది ఆ కాలు వైపు వేలు చూపించాడు.

"బావా, ఆ రోజు బజారులో కుక్క దగ్గర కారాపింది నేనేనా?"

"నువ్వే."

"ఏ పేజీ?"

మాస్టారు మెల్లిగా కాలు వెనక్కి తీసుకుని, కిటికీలోంచి బయటికి చూశారు.

"నలభై ఏడు. ముందు రోడ్డు చూసి నడుపు."